గోడవైపు తిరిగి పడుకున్న పేషెంటుతో ఏం మాట్లాడను?

ఈ వారం ఉత్తరం నెల్లూరు నుంచి వచ్చింది. రాసిన అమ్మాయికి 25 ఏళ్లు. ఆత్మకూరు దగ్గర పల్లె. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి మూడేళ్లుగా నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తోంది. నెలలో రెండు వారాలు నైట్ డ్యూటీ. ఆడవాళ్ల వార్డు, 18 మంచాలు, రాత్రిపూట ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయా. ఆ వార్డులో ఉదయగిరి వైపు నుంచి వచ్చిన 66 ఏళ్ల పెద్దామె చేరింది. పొట్ట ఉబ్బి, అన్నం సయించక వస్తే పరీక్షల్లో అండాశయం క్యాన్సర్ అని, పొట్టంతా పాకిందని తేలింది. కీమో తట్టుకునే ఒళ్లు కాదు, పొట్టలో చేరే నీరు తీస్తూ నొప్పికి మందులిస్తూ ఉందామని డాక్టరు, ఇద్దరు కొడుకులు కలిసి అనుకున్నారు. ‘అమ్మకు మాత్రం చెప్పొద్దు, లివర్ వాపు అని చెప్పాం’ అని పెద్దకొడుకు వార్డులో ఆయాతో సహా అందరికీ చెప్పి వెళ్లాడు.

పెద్దామె రాత్రిళ్లు నిద్రపోయేది కాదు. ఈ అమ్మాయి కాస్త ఖాళీ దొరికితే పక్కన కూర్చునేది. ఆమె తన ఈనబోయే గేదె గురించి, మనవరాలి ఇంటర్ ఫీజు గురించి చెప్పేది. ఒక రాత్రి రెండు గంటలప్పుడు డ్రిప్ మార్చడానికి వెళ్తే చెయ్యి పట్టుకుని, ‘పాపా, నువ్వన్నా నిజం చెప్పు. నాకేం రోగం వచ్చుండాది?’ అని అడిగింది. ‘ఏం లేదులే అవ్వా, లివర్ వాపు, తగ్గిపోతుంది’ అని చెప్పి, సీసా మార్చి వచ్చేసింది. మర్నాటి నుంచి పెద్దామె మాట్లాడటం మానేసింది. బీపీ చూడ్డానికి వెళ్తే చెయ్యి చాచి, మొహం గోడవైపు తిప్పుకునేది. మూడో రోజు ఇంటికి పంపేశారు. నీరు తీయించుకోవడానికి పది పదిహేను రోజుల్లో మళ్లీ అదే వార్డుకు వస్తుంది.

దీనికి తోడు ఇన్‌చార్జ్ సిస్టర్ ‘కబుర్లు చెప్పడానికా జీతమిచ్చేది? చార్టులెవరు రాస్తారు?’ అని నలుగురి ముందూ అన్నదట. అమ్మాయి అడుగుతున్నది ఇది: ‘ఆమె మళ్లీ వస్తే నిజం చెప్పేయనా? చెప్పకుండా ఆమె మొహం ఎలా చూడను? పేషెంటు టెన్షన్ తగ్గించడం నర్సు పని అని పుస్తకంలో చదివాం. వార్డులో అది పనే కాదంటున్నారు. నాకూ నిద్ర పట్టడం లేదు. ఈ ఉద్యోగానికి నేను పనికిరానేమో. ఫ్రెండ్స్ లాగా జర్మన్ నేర్చుకుని జర్మనీ వెళ్లిపోనా?’

అమ్మాయ్, నేను నర్సింగ్ పాఠం చెప్పిన చివరి బ్యాచ్ పిల్లలది నీ వయసే. అందుకని నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

నిజం చెప్పాలా వద్దా అన్న సంగతి తర్వాత చూద్దాం. నీ ఉత్తరంలో నువ్వు అలా దాటేసి వెళ్లిన మాట ఒకటుంది, ముందు దాని దగ్గర ఆగాలి. రాత్రి రెండింటికి ఆమె మేలుకుని ఉంది. ప్రతి రాత్రీ మేలుకునే ఉండేది. ఎందుకు? దిగులు వల్ల అని నువ్వు అనుకున్నావు. కావచ్చు. కానీ పొట్ట నిండా నీరున్న మనిషి వెల్లకిలా పడుకుంటే ఆ నీరు కిందినుంచి ఊపిరితిత్తుల మీదికి నెడుతుంది. ఆయాసమొస్తుంది, కునుకు పట్టగానే ఉలిక్కిపడి లేస్తుంది. తలవైపు మంచం ఎత్తి ఉందా? మోకాళ్ల కింద దిండు పెట్టారా? పెట్టకపోతే మనిషి కిందికి జారిపోతూ ఉంటుంది, నడుము లాగుతుంది. పక్కకు తిరిగి పడుకుంటే ఆ బరువంతా ఒక పక్కకు వేలాడుతుంది, పొట్ట కింద మడిచిన దుప్పటో చిన్న దిండో ఆనిస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఆమె గోడవైపు తిరిగింది కోపం వల్లే అనుకుంటున్నావు. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. ఆ పక్కకు తిరిగితేనే కాస్త ఊపిరాడుతుందేమో. అడిగావా?

నొప్పి సంగతీ అంతే. కేస్ షీట్‌లో నొప్పి మందు ఎలా రాసి ఉందో గుర్తు తెచ్చుకో. ‘ఎస్ఓఎస్’ అనా, ఇన్ని గంటలకొకసారి అనా? ఎస్ఓఎస్ అంటే పేషెంటు అడిగితేనే. మన పల్లెటూళ్ల పెద్దామెలు అడుగుతారా? ‘నొప్పిగా ఉందా అవ్వా’ అంటే ‘పర్లేదులే పాపా’ అంటారు. నిద్రపోతున్న సిస్టర్‌ను లేపడం ఎందుకని, ఇంకో సూదికి ఇంకెంత బిల్లవుతుందోనని పళ్ల బిగువున పడుకుంటారు. క్యాన్సర్ నొప్పికి మందు గడియారం చూసి ఇవ్వాలి, అడిగేదాకా ఆగకూడదు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. ఆర్డరు మార్చడం నీ చేతిలో లేదు. కానీ ‘రాత్రి 12కి నొప్పి ఇంత, 2కి ఇంత, 4కి ఇంత’ అని మూడు రాత్రులు వరసగా రాసి రౌండ్స్‌లో డాక్టర్‌కి చూపిస్తే మార్చని డాక్టర్ని నేను పెద్దగా చూడలేదు. సున్నా నుంచి పది అంకెలు చెప్పమంటే ఆమె తడబడుతుంది. ‘అవ్వా, రూపాయంటే తట్టుకోలేని నొప్పి అనుకో, ఇప్పుడు పావలా ఉందా, అర్ధరూపాయా, ముప్పావలానా?’ అని అడుగు. ఠక్కున చెప్తుంది. నేను ఇలా అడిగినప్పుడు ఒకామె ‘రూపాయిన్నర’ అంది. ఆ రాత్రే డ్యూటీ డాక్టర్‌ని లేపాను.

నా ప్రొబేషన్ రోజుల సంగతి ఒకటి చెప్తాను. మగవాళ్ల సర్జికల్ వార్డు. పొదిలి వైపు లారీ క్లీనర్ కుర్రాడు, తొడ ఎముక విరిగి కాలికి బరువులు కట్టి ఉన్నాడు. రాత్రంతా నాడి 110 దాటి కొట్టుకుంటోంది, చెమటలు, దొర్లలేక దొర్లుతున్నాడు. నేను నోట్స్‌లో ‘రెస్ట్‌లెస్’ అని రాసి పక్క మంచానికి పోయాను. పొద్దున్నే హెడ్ సిస్టర్ ఆ ఒక్క మాట చూసి, ‘ఇది వాడి సంగతి రాసినట్టు లేదు, నువ్వు వాడిని ఏమీ అడగలేదని రాసినట్టుంది’ అంది. తనే వెళ్లి వాడి పొత్తికడుపు మీద చెయ్యి వేసింది. రాయిలా ఉంది. నిన్న సాయంత్రం నుంచి మూత్రానికి పోలేదు. నా వయసు ఆడపిల్లని సీసా అడగడానికి సిగ్గు. అంతే. కర్టెన్ లాగి, సీసా ఇచ్చి, అందరం పక్కకు వెళ్లాక పావుగంటలో నాడి 88కి దిగింది. అప్పటినుంచి ‘టెన్షన్ పడుతున్నారు’ అనే ముందు కడుపు, మూత్రం, మలబద్ధకం, నొప్పి, పడుకున్న తీరు, చలి, దాహం చూడకుండా నేను ముందుకు పోలేదు. నీ పెద్దామెకు మార్ఫిన్ లాంటి మందు మొదలుపెట్టి ఉంటే విరేచనం ఎప్పుడైందో కచ్చితంగా అడుగు. ఆ మందుతో మలబద్ధకం రావడం దాదాపు ఖాయం. దానికి వేరే మందు మొదటి రోజు నుంచే పడాలి.

ఇక మనసులో ఆందోళన ఒంటికి ఏం చేస్తుందో నువ్వు ఫస్టియర్‌లో చదివిందే. అడ్రినలిన్ పెరిగి గుండె దడ, బీపీ. కార్టిసాల్ పెరిగి షుగర్ ఎక్కడం, నిద్ర చెడటం, గాయం మానడం ఆలస్యం కావడం. భయంలో ఉన్నవాళ్లకు అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, నొప్పి ఎక్కువైతే భయం పెరుగుతుంది. కాబట్టి ‘అది పనే కాదు’ అన్న మాట తప్పు, పుస్తకమే నిజం. సిసిలీ సాండర్స్ అనే ఆవిడ మొదట నర్సుగా, తర్వాత సోషల్ వర్కర్‌గా చేసి, ఆ తర్వాత డాక్టరై 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే ఆసుపత్రి) తెరిచింది. చావుకు దగ్గరైన మనిషి నొప్పిలో ఒంటి నొప్పితో పాటు మనసు, ఇల్లు, డబ్బు, దేవుడు అన్నీ కలిసి ఉంటాయని, దాన్ని మొత్తంగా చూడాలని ఆవిడ చెప్పింది. నీ పెద్దామె విషయంలో గేదె, మనవరాలి ఫీజు కూడా ఆ లెక్కలోవే. కేస్ షీట్‌లో ఎక్కడా కనిపించని ఆ రెండు సంగతులూ వార్డు మొత్తంలో నీ ఒక్కదానికే తెలిశాయి. ఆ కబుర్లు వృథా అని ఎవరంటే మాత్రం ఎందుకు నమ్ముతావు?

సరే, నీ అసలు ప్రశ్న. నీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఇప్పటిదాకా నడిచిందే. లివర్ వాపు, తగ్గిపోతుంది. ఉద్యోగానికి ఇబ్బంది లేదు, కొడుకులకు కోపం రాదు. కానీ ఫలితం నువ్వు చూశావు, ఆమె అడగడం మానేసింది. అడగడం మానేస్తే నమ్మిందని కాదు. ఒళ్లు ఆమెది, పొట్ట ఉబ్బేది ఆమెకు, నీరు తీశాక పది రోజుల్లో మళ్లీ నిండేది ఆమెకు. పైగా కొడుకులు తలుపు దగ్గర నిలబడి డాక్టర్‌తో లోగొంతుకతో మాట్లాడుతుంటే ఆమె చూస్తూనే ఉంటుంది. రోగికి కనిపించేలా, వినిపించీ వినిపించకుండా మాట్లాడుకోవడం ఎంత హింసో, ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 నాటి తన నర్సింగ్ పుస్తకంలో చప్పుడు గురించిన అధ్యాయంలోనే రాసింది. ఈ దారిలో ఆమెకు మిగిలేది ఒంటరితనం. అందరికీ తెలిసిన సంగతి తనకు తెలియనట్టు ఆమె కూడా నటించాలి.

రెండోది, నువ్వే చెప్పేయడం. నీ మనసు తేలికవుతుంది, ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఆమె అడిగే రెండో ప్రశ్న ఏమిటో ఆలోచించావా? ‘ఎన్నాళ్లు?’ మూడోది, ‘మందే లేదా?’ వాటికి నీ దగ్గర జవాబు లేదు. రాత్రి రెండింటికి డాక్టర్ ఉండడు, కొడుకులు ఊళ్లో ఉంటారు, ఎనిమిదింటికి నువ్వు ఓవర్ ఇచ్చి (తర్వాతి డ్యూటీ వాళ్లకు వార్డు అప్పజెప్పి) వెళ్లిపోతావు. రోగం పేరు చెప్పడం డాక్టర్ బాధ్యత, నర్సు తొందరపడి చెప్తే ఆ ఇంటివాళ్లు ఆసుపత్రి మీదికి వస్తారు, ఆసుపత్రి నిన్ను ముందుకు తోస్తుంది. నీ ఉద్యోగం పోవచ్చు కూడా. నాకైతే ఈ దారి అస్సలు నచ్చదు. దానికి కారణం నీ ఉద్యోగం కాదు. అంత పెద్ద మాట విన్నాక పక్కన ఉండాల్సిన మనుషులు ఆ వేళలో ఆమె పక్కన ఉండరు.

మూడోది కాస్త చుట్టుదారి. అబద్ధమూ చెప్పవు, రోగం పేరూ చెప్పవు. ఆమె అడిగినప్పుడు కూర్చుని, ‘నీకేమనిపిస్తోంది అవ్వా?’ అని తిరిగి అడుగు. ఈ ఒక్క ప్రశ్నకు ఏం చెప్తారో వినడానికి నువ్వు సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే సగం మంది ‘క్యాన్సరే కదా పాపా’ అంటారు. అంటే అవునూ కాదూ అనొద్దు. ‘ఈ సంగతి డాక్టర్ గారినే అడుగుదాం, పొద్దున ఆయనతో నేను చెప్తాను. నువ్వు అన్నీ తెలుసుకోవాలనుకుంటున్నావా, లేక కొడుకులే చూసుకుంటే చాలనుకుంటున్నావా?’ అని అడుగు. తెలుసుకోకూడదనుకునే హక్కు కూడా ఆమెకుంది. ‘నాకొద్దులే, వాళ్లే చూసుకుంటారు’ అంటే అక్కడితో ఆపెయ్. అడిగి ఆమె నోటితో అనిపించుకున్నాక ఆపడానికీ, అడక్కుండా దాచడానికీ చాలా తేడా ఉంది.

తర్వాత ఆమె అన్న మాటను అన్నట్టే నోట్స్‌లో రాయి. ‘పేషెంట్ యాంగ్షియస్’ అని రాస్తే ఎవరూ చదవరు. ‘నాకేం రోగమని రాత్రి 2 గంటలకు పేషెంట్ అడిగింది, డాక్టర్‌తో మాట్లాడాలంటోంది’ అని టైముతో సహా రాసి, పొద్దున ఓవర్‌లో నోటితో కూడా చెప్పు. రాతలో ఉన్నదాన్ని పక్కన పెట్టడం కష్టం. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో తన జబ్బు సంగతి తెలుసుకునే హక్కు రోగికి ఉందని స్పష్టంగా ఉంది. నేనైతే ఆ మాటను డాక్టర్ ముందు వాదనగా తీయను, మనసులో ధైర్యానికి ఉంచుకుంటాను.

ఈ దారిలోనూ చిక్కులున్నాయి. డాక్టర్ ‘ఇంటివాళ్లు వద్దన్నారుగా’ అని తోసేయొచ్చు. వారం పట్టొచ్చు. ఈలోపు ఆమె నిన్ను మళ్లీ అడగొచ్చు. అప్పుడూ ‘నేను డాక్టర్ గారికి చెప్పాను, మర్చిపోలేదు’ అనే చెప్పాలి.

కొడుకులను మాత్రం శత్రువుల్లా చూడకు. ‘తెలిస్తే అమ్మ గుండె ఆగిపోతుంది’ అని వాళ్లు నిజంగానే నమ్ముతున్నారు. అంత దూరం నుంచి, దాదాపు వంద కిలోమీటర్లు, తల్లిని కారు మాట్లాడుకుని తీసుకొస్తున్న పిల్లలు. పెద్దవాడు గట్టిగా ఉంటే చిన్నవాడితోనో, మంచం పక్కన చాపేసుకుని పడుకునే కోడలితోనో మాట్లాడు. ‘చెప్పండి’ అనొద్దు. ‘అన్నా, అమ్మ నన్నడిగింది. రేపు మిమ్మల్నే అడిగితే ఏం చెప్తారు?’ అని అడిగి ఊరుకో. ఆ ప్రశ్న వాళ్లు అప్పటికే రాత్రుళ్లు వేసుకుంటూ ఉంటారు. నా అనుభవంలో చాలా ఇళ్లలో దాచే బరువు మోయలేక ఏడ్చేది కొడుకులే. ‘డాక్టర్ గారు, మీరు, అమ్మ కలిసి కూర్చుంటే ఆయనే నెమ్మదిగా చెప్తారు, ఎంతవరకు చెప్పాలో అమ్మే చెప్తుంది’ అంటే కొందరు ఒప్పుకుంటారు. కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా నీ చేతిలో ఉన్న మిగతా పనులేవీ ఆగవు.

ఆ పనుల్లోకి వస్తే ఇన్‌చార్జ్ సిస్టర్ గొడవ కూడా తేలుతుంది. నలుగురిలో అనడం ఆమె తప్పే. కానీ 18 మంచాలకు ఇద్దరంటే ఆమె భయం నాకు అర్థమవుతుంది. చార్టు ఖాళీగా ఉంటే సంజాయిషీ చెప్పేది ఆమె. నువ్వు పని అయ్యాక కబుర్లు అనుకుంటున్నావు, అందుకే ఆమెకు దొరికిపోతున్నావు. పనిలోనే పెట్టు. బీపీ పట్టీ గాలి దిగేటప్పుడు, డ్రిప్ చుక్కలు లెక్కపెట్టేటప్పుడు, వీపుకు పౌడర్ రాసేటప్పుడు మాట్లాడు. నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడితే పేషెంట్లకు గుర్తుండదు, స్టూలు లాక్కుని రెండు నిమిషాలు కూర్చుంటే ‘సిస్టరమ్మ చానా సేపు కూర్చునింది’ అంటారు. ఇది ఎన్నిసార్లు చూశానో.

రాత్రి చప్పుడు, వెలుతురు కూడా మందుల లెక్కలోవే. వార్డులో రాత్రి చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. మన వార్డుల్లో సీలింగ్ ఫ్యానే అంతకన్నా ఎక్కువ మోగుతుంది, దాన్నేం చేయలేం. కీచుమనే ట్రాలీ చక్రానికి కొబ్బరినూనె చుక్క వేయగలం. రాత్రి 12కి ఇవ్వాల్సిన ఇంజెక్షన్, 12కి చూడాల్సిన వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం), పక్క మార్చడం ఒకేసారి చేస్తే మళ్లీ రెండింటికి లేపక్కర్లేదు. ఇక తెల్లవారుజామున నాలుగింటికి అందరినీ లేపి ఒళ్లు తుడవడం అనే ఆచారం ఉందే, పగటి డ్యూటీ వాళ్ల సౌకర్యం కోసం పుట్టింది అది. నాలుగింటికి కునుకు పట్టిన మనిషిని చల్లటి తడిగుడ్డతో లేపే మనం, ఎనిమిదింటికి ‘పేషెంట్ చిరాగ్గా ఉంది’ అని ఓవర్ ఇస్తాం! దీని గురించి ఇన్‌చార్జ్ సిస్టర్‌తో ఫిర్యాదులా కాకుండా, ‘ఈ రెండు మంచాలకు ఆరు తర్వాత చేస్తానక్కా, చార్టు ముందే రాసి పెడతా’ అని అడిగి చూడు. చార్టు ముందే పూర్తయిన నర్సు మాట ఏ ఇన్‌చార్జ్ అయినా వింటుంది.

ఇంటివాళ్లకూ పనివ్వు. మన ఆసుపత్రుల్లో ఉన్న అదృష్టం అదే, మంచం కింద చాప మీద ఎవరో ఒకరుంటారు. నోరు ఎండిపోతుంటే తడి గాజుగుడ్డతో పెదాలు ఎలా తుడవాలో కోడలికి చూపించు. తల దువ్వి జడ వేయమను. అన్నం వద్దంటే బలవంతం చేయొద్దని, డాక్టర్ వద్దనకపోతే సంగటి పలచగా చేసి మజ్జిగతో రెండు మూడు చెంచాలు చాలని చెప్పు. జొన్నవాడ అమ్మవారి దారమో, కసుమూరు దర్గా తాయెత్తో ఆమె చేతికి ఉంటే క్యాన్యులాకు (డ్రిప్ కోసం నరంలో పెట్టే గొట్టానికి) అడ్డమని కత్తెర తీయకు. రెండో చేతికి కట్టుకోమను, లేదా క్యాన్యులానే రెండో చేతికి వేయి.

ఇంటికి పంపేటప్పుడు ఒకటి మరిచిపోవద్దు. మార్ఫిన్ మాత్రలు రాస్తే అవి ఊళ్లో మందుల షాపులో దొరికే సరుకు కాదు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రుల నుంచి తీసుకోవడం సులువైంది గానీ, మళ్లీ వచ్చేదాకా సరిపడా ఇచ్చారో లేదో లెక్కపెట్టే మనిషివి నువ్వే కావాలి. కారు ఎక్కే అరగంట ముందు ఒక డోసు పడేలా డాక్టర్‌ని అడిగి చూడు, ఆ రోడ్డు కుదుపులు ఆమెకు కాస్త తప్పుతాయి.

జర్మనీ సంగతి ఒక్క మాటలో: వెళ్లాలనిపిస్తే వెళ్లు, జీతం, గౌరవం కోసం వెళ్లడంలో తప్పేమీ లేదు. పెద్దామె మొహం చూడలేక మాత్రం వెళ్లకు, అక్కడా పెద్దామెలే ఉంటారు, పైగా వాళ్లు జర్మన్‌లో అడుగుతారు. నీ నిద్ర రెండు వారాల్లో కుదుటపడకపోతే నువ్వూ ఒక డాక్టర్‌కి చూపించుకో. వార్డులో నమ్మకమైన తోటి నర్సు ఎవరైనా ఉంటే డ్యూటీ దిగాక టీ తాగుతూ ఈ రాత్రి సంగతి మొత్తం చెప్పు.

ఆమె మళ్లీ వచ్చి, మళ్లీ గోడవైపే తిరిగి పడుకుంటే నువ్వు ఆ గోడ పక్కకే వెళ్లి కూర్చో. ‘అవ్వా, ఆ రాత్రి నువ్వు అడిగితే సరిగ్గా వినకుండా వెళ్లిపోయా. ఇప్పుడు వింటా’ అను. గేదె ఈనిందా అని అడుగు. మంచానికీ గోడకూ మధ్య నువ్వు పట్టే చోటు ఉండకపోవచ్చు. మంచాన్ని ఓ మూరెడు ఇవతలికి లాగు. లాగాక చక్రాల లాక్ మళ్లీ వెయ్యడం మరిచిపోకు.